మీరు పోయి రాండ్రి, నేను కార్లనే కూసుంట

పెద్దోళ్లను తీస్కొని ప్రయాణాలు చేసుడు మీద ఈ నెల వచ్చిన ప్రశ్నలల్ల అయిదు ఏరి జవాబు రాస్తున్న. మొదటిది బాగ పొడుగైంది, అడిగిన తమ్ముడు ఒక్క ఉత్తరంలనే నాలుగైదు ప్రశ్నలు కలిపి పెట్టిండు, ఇగ నేను కూడ ముక్తసరిగ మాట్లాడే మనిషిని కాదు, మీకు తెలుసు గదా.

ప్రశ్న: అక్కా నమస్తే. మాది నల్లగొండ. మా అమ్మకు 66, నాయినకు 72, పెద్దమ్మకు 75, మేనమామకు 70 ఏండ్లు. పెద్దమ్మకు రెండు మోకాళ్లు నొప్పులే, మామకు షుగర్, రోజూ ఇన్సులిన్ తీసుకుంటడు. డిసెంబర్ల నాకు నాలుగు రోజులు సెలవు దొరికింది, ఏడు సీట్ల బండి డ్రైవర్‌తోని మాట్లాడిన. సాగర్, ఎత్తిపోతల, శ్రీశైలం, మహానంది, అలంపురం, మంత్రాలయం అన్నీ ఒక్క రౌండ్‌ల చూసి రావాలని ప్లాన్. పెద్దమ్మది ఒక్కటే మాట, పోయేలోపు ఒక్కసారి వందేభారత్ ఎక్కాలె అంటది. కారు ట్రిప్పుల రైలు ఎక్కడ ఇరికియ్యాలె? అసలు కారు సుఖమా రైలు సుఖమా? దారిల బాత్రూంల సంగతేంది? జర వివరంగ చెప్పుండ్రి.

జవాబు: తమ్ముడూ, నీ లిస్టు చదువుతుంటెనే నాకు కాళ్లు గుంజినయి.

కోపం చేసుకోకు, ఒకప్పుడు నేను కూడ ఇట్ల లిస్టు రాసినదాన్నే. నాలుగేండ్ల కింద మా అత్తమ్మను తీస్కొని పోయినం, పొద్దున అయిదింటికే లేపి కార్ల ఎక్కించి, ఒక్క రోజుల అయిదు గుళ్లు అని. మొదటి గుడి కాడ ఆమెనే మా అందరికంటె ముందు నడిచింది. రెండో గుడి కాడ మెట్ల మీద కూసున్నది. మూడో గుడి కాడ ‘మీరు పోయి రాండ్రి బిడ్డా, నేను కార్లనే కూసుంట’ అన్నది. మేమేమనుకున్నం, ఇక్కడ ఆమెకు అంత ఆసక్తి లేదేమో అనుకున్నం, లోపలికి పోయి దండం పెట్టుకొని ప్రసాదం తెచ్చి చేతిల పెట్టినం, మళ్ల బండి కదిలింది. రాత్రి ఇంటికి వచ్చినంక చూస్తే పాదాలు ఉబ్బి చెప్పులల్ల నుంచి కాళ్లు బయటికి రావట్లేదు. అప్పుడు అడిగితే చెప్పింది, పొద్దున చాయ తాగింది తప్ప రోజంతా గుక్కెడు నీళ్లు ముట్టలేదు, ఎందుకంటే నీళ్లు తాగితే నడుమ బాత్రూం అడగాలె, అడిగితే కొడుకు బండి ఆపాలె, ఆపితే అందరికీ లేటయితది. ఆమె ఒక్కమాట కూడ మమ్ములను అనలేదు. అదే ఇంకా బాధ.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. ఊర్ల లిస్టు తర్వాత, ముందు గంటల లిస్టు రాస్త. నువ్వు కూడ ఒక కాయితం తీస్కొని మీ ఇంట్ల నలుగురు మామూలు రోజు ఎట్ల గడుపుతరో రాయి. మామ సూది ఎన్నింటికి వేసుకుంటడు, తిండి ఎన్నింటికి తింటడు, నాయిన బీపీ గోలి ఎప్పుడు, అందుల నీళ్ల గోలి ఉన్నదా (అది వేసుకున్న రెండు మూడు గంటలు మనిషి బాత్రూం దగ్గర్లనే ఉండాలె), మధ్యాహ్నం ఎవరెవరు నడుము వాలుస్తరు, రాత్రి ఎన్నిసార్లు లేస్తరు. ఇవన్నీ రాసినంక చూడు, బయట తిరగడానికి నీకు పొద్దున మూడు నాలుగు గంటలు, సాయంత్రం ఇంకో రెండు గంటలు మిగులుతయి, అంతే. దాంట్ల ఏం పడితే అదే ట్రిప్పు.

ఇప్పుడు కోతలు పెడత, మనసు గట్టి చేసుకో. సాగర్ తీసెయ్. అది మీకు 65 కిలోమీటర్ల దూరంల ఉన్నది, ఏ శనివారమైనా పోయి ఒక రాత్రి పండుకొని రావచ్చు, దానికోసం ఈ నాలుగు రోజులు తినుడెందుకు. ఎత్తిపోతల కూడ దాంతోనే పోయింది. శ్రీశైలం కూడ తీసెయ్, అది ఒక్కటే వేరే ట్రిప్పు చెయ్యాలె. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూస్తరు, మళ్ల పొద్దున ఆరుకే తీస్తరు, పులుల అడవి కాబట్టి. లేటయితే అక్కడే ఇరుక్కుంటం అని డ్రైవర్ తొందరపడతడు, ఘాట్ మలుపులల్ల పెద్దమ్మకు కడుపుల తిప్పుతది, అది వద్దు. మహానంది, మంత్రాలయం మీద నాకు కోపమేం లేదు, కాని ఈసారికి వద్దు.

మిగిలింది అలంపురం, వందేభారత్. ఈ రెండు కలిపితే మంచి ట్రిప్పు. నాలుగు రోజులన్నవు, ఇంకొక్క రోజు సెలవు సంపాదించు.

మొదటి రోజు ఇంట్లనే టిఫిన్లు, గోలీలు, బాత్రూంలు అన్నీ అయినంక ఎనిమిదింటికి నిమ్మలంగ బయల్దేరుండ్రి. కొండమల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదికెళ్లి మహబూబ్‌నగర్. గంట, గంటంబావుకు ఒకసారి బండి ఆపాలె, అడిగినా అడగకున్నా ఆపాలె, ఇదొక్కటి మాత్రం గుర్తు పెట్టుకో. ‘ఎవరికన్నా బాత్రూం పోయేదుందా’ అని అడిగితే నలుగురూ ఒక్కసారే లేదంటరు. అడగొద్దు. ‘నాకు చాయ తాగాలని ఉన్నది’ అని నువ్వే ఆపియ్యి, ఒకరు దిగితే అందరూ దిగుతరు, నాలుగడుగులు నడుస్తరు, పాదాలల్ల నీరు కూడ దిగుతది. పెట్రోల్ బంకులల్ల బాత్రూంలు ఉంటయి కాని అన్నీ ఒక్క తీరు ఉండయి, చానా చోట్ల కింద కూసునే రకమే, మోకాళ్ల నొప్పులోళ్లకు అదే పెద్ద శిక్ష. అందుకని మధ్యల తినే హోటల్ ఎంచుకునేటప్పుడు బిర్యానీ బాగుంటదా అని కాదు, కుర్చీ లెక్క కూసునే బాత్రూం ఉన్నదా అని ముందు నువ్వు దిగి చూసి రా. ఆపరేషన్ అయినోళ్ల కోసం మడత పెట్టే కమోడ్ స్టూలు మందుల షాపులల్ల, సర్జికల్ షాపులల్ల దొరుకుతది, డిక్కీల వేసుకున్నా తప్పులేదు, మొదట్ల సిగ్గుపడతరు, తర్వాత దాన్ని వదలరు.

మధ్యాహ్నం ఒంటిగంట వరకు మహబూబ్‌నగర్ చేరి, తిని, పండుకోండ్రి. సాయంత్రం ఎండ తగ్గినంక పిల్లలమర్రి. ఊరి నుంచి నాలుగు కిలోమీటర్లే. ఇక్కడొక సంగతి, ఫోన్ల మ్యాప్ పెట్టేటప్పుడు చూసి పెట్టుండ్రి, మనకు సూర్యాపేట దగ్గర కూడ పిల్లలమర్రి అనే ఊరున్నది, కాకతీయుల కాలం గుళ్లున్న ఊరు, నల్లగొండల కూసొని వెతికితే అది ముందు వచ్చినా రావచ్చు. పాలమూరు పిల్లలమర్రి అంటే మర్రిచెట్టు, మూడెకరాలకు పైగ పరుచుకున్నది, ఏడు వందల ఏండ్లదని చెప్తరు. 2017ల పెద్ద కొమ్మ విరిగిపడింది, చెదలు పట్టిందని తర్వాత ఏడాది కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి బొట్టు బొట్టు మందు ఎక్కిచ్చిన్రు, పేపర్లల్ల ఫొటోలు మీరు కూడ చూసే ఉంటరు. ఊడలు పట్టుకొని ఊగే రోజులు పోయినయి, జర దూరం నుంచే చూడాలె. అయినా పెద్దోళ్లకు ఆ చెట్టు మస్తు నచ్చుతది, మా అత్తమ్మనైతే ‘దీనికి కూడ గ్లూకోజు పెట్టిన్రా’ అని నవ్వి నవ్వి కండ్లల్ల నీళ్లు తెచ్చుకున్నది.

రెండో రోజు పెద్దమ్మ రోజు. కాచిగూడ నుంచి యశ్వంత్‌పూర్ పోయే వందేభారత్ పొద్దున మహబూబ్‌నగర్‌ల ఆగుతది, కర్నూలుల ఆగుతది. వారానికి ఒకరోజు నడవది, ఆ రోజు ఏదో టికెట్ తీసేటప్పుడు చూసుకొని దాన్ని బట్టి మొదటి రోజు ఎంచుకో. డ్రైవర్ మిమ్ములను స్టేషన్ల దించి సామాన్లతోని 44వ నంబర్ హైవే మీద కర్నూలుకు వస్తడు, మీరు రైల్ల పోతరు. అతను ఓ అర్ధగంట ఎనక చేరినా ఏం కాదు, స్టేషన్ల కూసొని ముచ్చట పెట్టుకోండ్రి. ఇది ఖర్చు లెక్కల చూస్తే దండగనే, కారు ఖాళీగ పోయుడేంది అని నాయిన అంటడు కూడ. పెద్దమ్మ ముఖం చూసి ఆయన్నే ఒప్పుకుంటడు.

నువ్వు జాగ్రత్త పడాల్సింది ఏందంటే సామాన్లు కార్ల పోతయి కాబట్టి మామ ఇన్సులిన్, అందరి గోలీలు, ఆధార్ కార్డులు, కండ్లద్దాలు, ఒక జత బట్టలు చేతి సంచిలనే ఉండాలె. ఇన్సులిన్ ఎట్లాగూ కార్ల వదిలిపెట్టొద్దు, ఎండల ఆపిన బండి లోపల పొయ్యి లెక్క కాగుతది, మందు చెడిపోతది. అట్లని ఐస్ ముక్కలకు ఆనిచ్చి పెట్టొద్దు, గడ్డ కట్టినా పనికిరాదు. తడి బట్టల చుట్టిన చిన్న డబ్బాల, లేకుంటే మందుల షాపుల దొరికే చల్ల సంచిల పెట్టుకుంటే సరిపోతది. రైల్ల టిఫిన్ ఇస్తరు కదా అని సూది ముందే వేసుకోనియ్యకు, ప్లేటు చేతికి వచ్చినంకనే. నడుమ ఏమన్నా లేటయితే చక్కెర పడిపోతది, జేబుల నాలుగు బిస్కెట్లు, రెండు చాక్లెట్లు తప్పకుండ ఉండాలె.

ఇగ రైలు ఎక్కుడు. మహబూబ్‌నగర్‌ల ఎక్కువ సేపు ఆగది, ఒకట్రెండు నిమిషాల ఆటనే. అర్ధగంట ముందు పోయి మన పెట్టె ఎక్కడ ఆగుతదో అక్కడ నిలవడాలె, రైలు వచ్చినంక పెద్దమ్మను తీస్కొని ఉరుకుడు కుదరది. వందేభారత్ తలుపులు వాటంతట అవే మూసుకుంటయి, డ్రైవర్‌ను సంచులు పెట్టనీకి లోపలికి ఎక్కియ్యకు, దిగేలోపు తలుపు పడిందంటే అతను కూడ కర్నూలుకే, కారు మాత్రం మహబూబ్‌నగర్‌ల. నవ్వకు, సాగనంపనీకి ఎక్కి ఇరుక్కున్నోళ్లు చానామంది ఉన్నరు.

కిటికీ సీటు పెద్దమ్మకు ఇయ్యి. వనపర్తి రోడ్ దాటినంక కృష్ణ వస్తది, ఆ తర్వాత గద్వాల, కర్నూలు ముంగట తుంగభద్ర వస్తది. ఈ రెండు నదుల నడుమ జాగనే నడిగడ్డ అంటరు, రైలు ఆ నడిగడ్డను ఈ చివరి నుంచి ఆ చివరికి కోసుకుంట పోతది, కార్ల పోతే ఈ తీరుగ కనవడది. ఒక్కటి మాత్రం ముందే చెప్పుండ్రి, ఈ రైల్ల కిటికీ అద్దం తెరుచుకోదు, నదిల రూపాయి వేద్దామని కొంగున ముడేసుకొని కూసుంటే ఆశ తీరది. ఆ రూపాయి దాచుకొమ్మను, అలంపురంల తుంగభద్ర ఒడ్డునే ఉన్నది.

కర్నూలుల దిగినంక నేరుగ లాడ్జి. ఈ లాడ్జి విషయంల నాకొక గాయమున్నది. ఒకచోట ఫోన్ చేసి లిఫ్టు ఉన్నదా అంటే ఉన్నదన్నరు. పోయి చూస్తే లిఫ్టు నిజంగనే ఉన్నది, దాని దాకా పోవాలంటే తొమ్మిది మెట్లు ఎక్కాలె! ఇప్పుడు నేను అట్ల అడగ. ‘కారు దిగిన కాడి నుంచి మంచం దాకా ఎన్ని మెట్లు’ అని అడుగుత. బాత్రూంల కడ్డీ ఉన్నదా, నేల జారే టైల్సా, కమోడ్ ఉన్నదా అని కూడ అడుగుత. అటువైపు మనిషి విసుక్కుంటడు, విసుక్కోనియ్యి. కింది అంతస్తుల పక్కపక్క రూములు రెండు దొరికితే అంతకంటె ఏం కావాలె.

ఆ సాయంత్రం ఏం పెట్టుకోవద్దు. కొండారెడ్డి బురుజు కారు నుంచి చూస్తె చాలు.

మూడో రోజు పొద్దున్నే అలంపురం, కర్నూలు నుంచి ఓ పాతిక కిలోమీటర్లు. దీనికోసమే ఇంత దూరం వచ్చింది కాబట్టి పొద్దుగాల మొత్తం దీనికే ఇయ్యుండ్రి. జోగుళాంబ పద్దెనిమిది శక్తిపీఠాలల్ల ఒకటి అని అందరికీ తెలుసు, దండం పెట్టుకొని ఎనక్కి మళ్లుతరు. పక్కనే నవబ్రహ్మ గుళ్లున్నయి, బాదామి చాళుక్యులు కట్టించినయి, పదమూడు వందల ఏండ్ల నాటి సంగతి. పేర్లేమో తారక బ్రహ్మ, స్వర్గ బ్రహ్మ, పద్మ బ్రహ్మ, బాల బ్రహ్మ అని ఉంటయి, లోపల చూస్తే అన్నీ శివలింగాలే. బాల బ్రహ్మలనే ఇప్పటికీ పూజలు గట్టిగ నడుస్తయి. నాయిన లాంటోళ్లు స్వర్గ బ్రహ్మ గోడల మీద శిల్పాలు చూసుకుంట గంట సేపు నిలవడతరు, వాళ్ల కోసం మడత కుర్చీ ఒకటి చంకల పెట్టుకొని పో. ఊరి దగ్గరనే సంగమేశ్వరం గుడి కూడ ఉన్నది, అది మొదట కూడవెల్లి కాడ ఉండె, శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లల్ల మునుగుతదని రాయి రాయి విప్పి ఇక్కడికి తెచ్చి మళ్ల కట్టిన్రు. తొమ్మిది గుళ్లు తొమ్మిది చూడాలని పంతం వద్దు. ఇంకోమాట, గుడి ఆవరణంతా రాతి బండలు, డిసెంబర్ల కూడ పదకొండు దాటితే అరికాళ్లు చురుక్కుమంటయి, షుగర్ ఉన్నోళ్లకు కాలిన సంగతి కూడ తెల్వది, పుండయినంకనే తెలుస్తది. మామకు మందం సాక్సులు తొడిగి తీస్కపో, చెప్పులు వద్దంటరు గని సాక్సులు ఎవ్వరూ వద్దనరు.

నాలుగో రోజు కార్లనే వాపసు. బీచుపల్లి కాడ కృష్ణ ఒడ్డున ఆంజనేయస్వామి గుడి హైవే పక్కనే, ఆగడానికి వీలున్న జాగ. అక్కడ దగ్గర్లనే ఎర్రవల్లి చౌరస్తా నుంచి గద్వాలకు దారి పోతది, అమ్మకు, పెద్దమ్మకు చీరలు చూడాలని ఉంటే లోపలికి పోండ్రి. గద్వాల చీర అంటే ఒంటికి నూలు, అంచుకు కొంగుకు పట్టు, రెండూ వేరువేరుగ నేసి కలుపుతరు, ఆ కలిపిన కాడ చేతితోని తడిమి చూసి కొనాలె. మగోళ్లు ఆ రెండు గంటలు కార్ల పండుకుంటరు, ఈ ‘కార్లనే కూసుంట’ మాత్రం నమ్మొచ్చు. రాత్రికి మహబూబ్‌నగర్, మర్నాడు మధ్యాహ్నం వరకు నల్లగొండ.

కారు సుఖమా రైలు సుఖమా అంటివి. నేనైతే పొడుగు దారికి రైలు, గుడి ముంగటికి కారు అంట. రైల్ల లేచి నడవొచ్చు, బాత్రూంకు ఎవ్వరినీ అడగనక్కర లేదు, పెద్దోళ్లకు అది ఎంత స్వతంత్రమో మనకు అర్థం కాదు. కార్లనేమో ఇంటి గడప కాడ ఎక్కి గుడి గడప కాడ దిగొచ్చు. బండి ఎత్తు చూసుకో, ఏడు సీట్ల బండ్లు ఎత్తుంటయి, ఇంట్ల పీట ఒకటి డిక్కీల వెయ్యి. ఎక్కేటప్పుడు కాలు ముందు పెట్టి ఎక్కుడు కాదు, సీటు అంచున వెనక్కి తిరిగి కూసొని అప్పుడు రెండు కాళ్లు కలిపి లోపలికి తిప్పుకోవాలె, పెద్దమ్మకు ఇంట్లనే కుర్చీ మీద రెండుసార్లు చేపియ్యి. ఆమెకు ముంగటి సీటే ఇయ్యి, వెనక మూడో వరుసల నువ్వు కూసో.

ప్రశ్న: మేడం, మేము మిర్యాలగూడ నుంచి తిరుపతికి నారాయణాద్రిలో నలుగురికి టికెట్ తీసినం. అమ్మ, నాన్న, అత్తయ్య, మామయ్య, అందరూ 60 దాటినవాళ్లే, వయసు కరెక్టుగానే కొట్టినం. అయినా రెండు అప్పర్లు, రెండు మిడిల్‌లు వచ్చినయి. పెద్దవాళ్లకు లోయర్ ఇస్తరని అన్నరు కదా, ఏం తప్పు చేసినం?

జవాబు: నలుగురిని ఒక్క టికెట్ల పెట్టుడే తప్పు. లోయర్ బెర్త్ కోటా అని వేరే ఉంటది, మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45 ఏండ్లు దాటితే వర్తిస్తది, కాని ఒక టికెట్ మీద ఒక్కరో ఇద్దరో ఉంటేనే. మూడో మనిషి ఎక్కిన్రంటే ఆ టికెట్ కోటాల నుంచి బయటకొస్తది. బుక్ చేసేటప్పుడు జనరల్ కాకుండ ఆ కోటా ఎంచుకొని, అమ్మ నాన్నకు ఒకటి, అత్తయ్య మామయ్యకు ఒకటి, రెండు టికెట్లు తియ్యాలె. వేరువేరు పెట్టెలల్ల పడినా పర్వాలేదు, పై బెర్త్ ఎక్కలేక రాత్రంతా కూసునుడు కంటె నయం. జనరల్ కోటాల తీస్తే కూడ కింద ‘ఒక్క లోయరన్నా వస్తేనే బుక్ చెయ్’ అనే ఆప్షన్ ఉంటది, దాన్ని టిక్ పెట్టుండ్రి. ఇప్పుడు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తరు, మునుపు 120 ఉండె, 2024 నవంబర్ నుంచి తగ్గించిన్రు. తెరిచిన రోజు పొద్దున్నే తియ్యుండ్రి.

ఇప్పుడు చేతిల ఉన్న టికెట్‌తోని ఏం చెయ్యాలంటే, రైలు ఎక్కినంక టీటీఈని అడగాలె, రానోళ్ల లోయర్లు ఖాళీ ఉంటే పెద్దోళ్లకు ఇచ్చే వీలు ఆయనకు ఉన్నది. ఎక్కంగనే అడగాలె, పడుకున్నంక కాదు. కింద పడుచు పిల్లలుంటే మర్యాదగ అడిగితే మారుతరు, మన దిక్కు పోరగాండ్లు పెద్దోళ్ల మాట తీసెయ్యరు. మిర్యాలగూడల కూడ బండి రెండు నిమిషాల కంటె ఎక్కువ ఆగది, పైన చెప్పిన జాగ్రత్తలే మీకూ.

తిరుపతి అంటివి కాబట్టి ఇంకో ముచ్చట. 65 దాటినోళ్లు ఆధార్ పట్టుకొని పోతే అరగంటల ఉచిత దర్శనం అని వాట్సాప్‌ల ఒక మెసేజ్ ఏండ్ల నుంచి తిరుగుతున్నది, నాకే పదిసార్లు వచ్చింది. దాన్ని నమ్మి పోవద్దు. పెద్దోళ్లకు, వికలాంగులకు రోజుకు వెయ్యి టికెట్లు ఆన్‌లైన్‌ల మూడు నెలల ముందే వదులుతరు, అవి దొరికినోళ్లకే ఆ దర్శనం. ముందు దర్శనం టికెట్ తీస్కొని, ఆ తారీకును బట్టి రైలు టికెట్ తియ్యుండ్రి, మనమంతా దాన్ని తలకిందులు చేస్తం.

ప్రశ్న: అమ్మా, నేను దేవరకొండ నుంచి రాస్తున్నాను. వయసు 71. రిటైర్డ్ టీచర్‌ని. ముప్పై ఏళ్లుగా కారు నడుపుతున్నాను, ఒక్క గీత కూడా పడలేదు. ఇప్పుడు నేనూ మా ఆవిడా సాగర్ పోయి రెండు రోజులు ఉండి రావాలనుకుంటే కొడుకులు తాళంచెవి దాచిపెడుతున్నారు. డ్రైవర్‌ని పెట్టుకొమ్మంటారు. నేను అంత ముసలివాడినైపోయానా? మీరు చెప్పండి.

జవాబు: సార్, మీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, తర్వాత మా నాయిన యాదికొచ్చిండు. నేను మీ దిక్కే, కాని ఊరికెనే కాదు.

చట్టం ప్రకారం నడపొద్దు అనే వయసు ఏం లేదు. 55 దాటినంక లైసెన్స్ అయిదేండ్లకొకసారి రెన్యూవల్ చెయ్యాలె, డాక్టర్ సర్టిఫికెట్ పెట్టాలె. ముందు ఆ తారీకు తీసి చూడుండ్రి, చానామంది పెద్దోళ్లది ఎప్పుడో అయిపోయి ఉంటది, వాళ్లకే తెల్వది, ఏమన్నా అయితే ఇన్సూరెన్సోడు మొదట అదే అడుగుతడు. రెండోది కండ్లు. శుక్లాలు మొదలయితే పగలు మంచిగనే కనవడతది, రాత్రి ఎదురుంగ లైటు పడితే అంతా తెల్లగ పులిమినట్లు అయితది. కండ్ల డాక్టర్‌కు చూపిచ్చి ఆ కాయితం కొడుకుల చేతిల పెట్టుండ్రి, వాదన అక్కడే అయిపోతది. దేవరకొండ నుంచి సాగర్ ఏం దూరమని. పొద్దున ఎనిమిదికి బయల్దేరి పదకొండు లోపల చేరుడు, పొద్దు గుంకినంక తాళంచెవి ముట్టొద్దు, ఈ షరతు మీద మీ కొడుకులతోని ఒప్పందం చేసుకోండ్రి. మెడ తిప్పి వెనక చూడలేకపోతే మాత్రం స్టీరింగ్ మీరే ఇచ్చెయ్యాలె, అది మీకే తెలుస్తది, ఎవరూ చెప్పనక్కర లేదు.

సాగర్‌ల మీరు టీచర్ కాబట్టి డ్యామ్ కథ అమ్మగారికి మీరే చెప్తరు, 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాది వేసిండు, 1967ల ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది, 26 గేట్లు. గేట్లు ఎత్తే ఆగస్టు, సెప్టెంబర్ వారాలల్ల మాత్రం పోవద్దు, చూడముచ్చటనే కాని ఆ ట్రాఫిక్‌ల మీరు క్లచ్ తొక్కి తొక్కి మోకాలు పోగొట్టుకుంటరు. నాగార్జునకొండకు లాంచీ ఉంటది, మ్యూజియం శుక్రవారం బంద్, అది చూసుకోండ్రి. మ్యూజియంల ఉన్నయన్నీ ఇప్పుడు నీళ్ల కింద ఉన్న లోయల తవ్వితే దొరికినయే. లాంచీ దిగే కాడ, ఎక్కే కాడ నీటి మట్టం బట్టి మెట్లు ఎక్కువ తక్కువ అయితయి, టికెట్ తీసేముందు ఈరోజు ఎన్ని మెట్లు అని అడగండ్రి. మీ ఆవిడ ‘మీరు పోయి రాండ్రి’ అంటే మీరు కూడ పోకుండ ఒడ్డునే ఇద్దరు కూసొని పల్లీలు తినుండ్రి.

ప్రశ్న: రైల్లో సీనియర్ సిటిజన్ రాయితీ మళ్లీ పెట్టారని మా కాలనీలో అంటున్నారు. నిజమేనా? – నాగర్‌కర్నూల్

జవాబు: కాదు. మగవాళ్లకు 40 శాతం, ఆడవాళ్లకు 50 శాతం ఉండె, 2020 మార్చి 20 నుంచి తీసేసిన్రు. లోయర్ బెర్త్ కోటా మాత్రం ఉన్నది. మన రాష్ట్రంల ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల 2023 డిసెంబర్ నుంచి ఫ్రీ కాబట్టి మా పక్కింటి పెద్దమ్మ రైలు ముచ్చటే ఎత్తది, కాని ఆ బస్సు మెట్టు ఎత్తు చూసిన్రా, మోకాళ్లకు ఫ్రీ కాదది.

ప్రశ్న: అక్కా, నాన్నమ్మ (82) హైదరాబాద్‌ల మా దగ్గర ఉంటది. సంక్రాంతికి సూర్యాపేట ఇంటికి తీసుకపోవాలె. పోయినసారి కార్ల టోల్ గేటు కాడనే మూడు గంటలు ఇరుక్కున్నం, ఆమె చానా అవస్థ పడ్డది. ఈసారి ఏం చెయ్యాలె?

జవాబు: పండుగ ముందు రెండు మూడు రోజులు పంతంగి టోల్ గేటు కాడ ఏమయితదో ఏటా టీవీల చూపిస్తనే ఉంటరు, ఆ తర్వాత కొర్లపహాడ్. బెజవాడ దిక్కు పోయే బండ్లన్నీ ఆ ఒక్క రోడ్డు మీదనే పడతయి, ఫాస్టాగ్ ఉన్నా, ఏడాది పాస్ ఉన్నా లైన్ లైనే. సెలవు దొరికితే జనవరి 9 లోపలనే నాన్నమ్మను దించి రా, మీరు తర్వాత పోతరు. దొరకకుంటే సికింద్రాబాద్‌ల పొద్దటి రైలు ఎక్కియ్యి, రెండు గంటల అటుఇటుగ నల్లగొండ. సూర్యాపేట నుంచి మీ బాబాయో మామో కారు తీస్కొని నల్లగొండ స్టేషన్‌కు వస్తే నకిరేకల్ మీద నుంచి గంటంబావుల ఇంట్ల ఉంటది. జామ్ అయ్యేది నకిరేకల్ ముందు భాగంలనే ఎక్కువ కాబట్టి సగం బాధ తప్పుతది. పండుగ రైలుకు టికెట్ 60 రోజుల ముందే, అంటే నవంబర్ నడుమలనే తీసెయ్యాలె. నల్లగొండల ఏ ప్లాట్‌ఫారం మీద ఆగుతదో ముందే కనుక్కో, వంతెన ఎక్కే పనయితే స్టేషన్ మాస్టర్ ఆఫీసుల వీల్‌చైర్ అడుగు. ఇంకా నాన్నమ్మకు ముందురోజే చెప్పు, ‘దారిల మూడుసార్లు ఆగుతం, నీళ్లు తాగు’ అని, ఆమె నవ్వి ఊకుంటది, నువ్వు మాత్రం సీసా మూత తీసి చేతిల పెట్టు.